అలల శక్తికి పరీక్షలు

బారువ వద్దనో, భావనపాడు వద్దనో ఒడ్డున నిలిచి సముద్రమును చూచిన ఉద్దానపు విద్యార్థికి ఒక సందేహము కలుగుట సహజము. రాత్రింబవళ్లు ఇంత బలముగా ఒడ్డును మోదుచున్న ఈ అలలచే మన యింట దీపము వెలిగింపలేమా?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు ప్రభుత్వము దాదాపు నాలుగు దశాబ్దములుగా ధనము వెచ్చించుచున్నది. 1981లో కేంద్రమున సముద్రాభివృద్ధి శాఖ ఏర్పడినది. దాని సహాయముతో మద్రాసు ఐ.ఐ.టి. శాస్త్రజ్ఞులు పరిశోధన సాగించి, 1991లో కేరళలోని విళింజం వద్ద 150 కిలోవాట్ల ప్రయోగ కేంద్రమును నెలకొల్పిరి.

దాని పనితీరు సులభముగా బోధపడును. నీటి క్రింద ముందువైపు తెరచియుండు పెద్ద కాంక్రీటు గదిని సముద్రములో నిలిపిరి. అల వచ్చినపుడు గదిలోని నీటిమట్టము పెరిగి, సైకిలు పంపులోని ముషలకము వలె, పైనున్న గాలిని బయటకు నెట్టును. అల తగ్గినపుడు గాలి మరల లోనికి వచ్చును. గాలి ఎటు వీచినను ఒకే దిక్కున తిరుగునట్టి వెల్స్ టర్బైను విద్యుజ్జనకమును త్రిప్పును.

ఇక ఫలితమేమి? ఏప్రిల్ నుండి నవంబరు వరకు సగటున 75 కిలోవాట్లు, డిసెంబరు నుండి మార్చి వరకు 25 కిలోవాట్లు మాత్రమే లభించెను. అలలోని శక్తి దాని ఎత్తు యొక్క వర్గమును బట్టి యుండును. రెండు మీటర్ల అలలో మీటరు అలకు నాలుగు రెట్లు శక్తి కలదు. కావుననే సముద్రము శాంతించిన నెలలలో ఇంత తగ్గుదల. 2011లో ఆ కేంద్రమును మూసివేసిరి.

1993లో చెన్నైలో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వెలసినది. ఉపరితలమునందలి వెచ్చని నీటికి, అడుగునందలి చల్లని నీటికి గల ఉష్ణోగ్రతా భేదముతో ఒక మెగావాటు విద్యుత్తు తీయవలెనని తూత్తుకుడి తీరమున ప్రయత్నించిరి. సుమారు కిలోమీటరు పొడవు గల గొట్టమును సముద్రములోనికి దించుటయే కష్టమై, ఆ యత్నము విఫలమైనది. కాని ఆ అనుభవము వృథా పోలేదు. అదే సంస్థ 2005లో లక్షద్వీపములలోని కవరత్తిలో, అదే ఉష్ణోగ్రతా భేదముతో సముద్రజలమును ఆవిరిచేసి చల్లార్చి, దినమునకు లక్ష లీటర్ల మంచినీటిని తీసినది.

మూత్రపిండ వ్యాధితో ఏండ్ల తరబడి బాధపడుచు మంచినీటికై ఎదురుచూచిన ఉద్దానమువారు, 'ఆ యంత్రము మాకేల రాలేదు?' అని అడుగవచ్చును. కవరత్తిలో ఒడ్డు దాటగానే సముద్రము వందల మీటర్ల లోతు. మన తీరమున అంతటి లోతు చాల దూరముగా నున్నది. 2023లో ఉద్దానమునకు కుళాయి నీరు వచ్చినది వంశధార నుండియే. పోటుపాటుల వలన విద్యుత్తు తీయుటకు కచ్ఛ్ సింధుశాఖలో వలె సగటున ఐదు మీటర్ల తేడా కావలెను. మన తీరమున అందులో మూడవ వంతైనను ఉండుట అరుదు.

మిగిలినవి అలలు. వానికిని ఒక గండము కలదు. 2018 అక్టోబరు 11న పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ తుపాను గాలులు గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగముతో వీచి కొబ్బరి తోటలను నేలగూల్చినవి. దినదినము అలల నుండి శక్తి తీయు యంత్రము అటువంటి రాత్రికి కూడ నిలువవలెను. స్కాట్లండులోని ఆర్క్నీ దీవులలో 2003లో ప్రభుత్వ ధనముతో ఏర్పడిన పరీక్షా కేంద్రము ఇందుకే. అచట లంగరులు, తీగలు సిద్ధముగా నుండును. ఎవరి యంత్రమునైనను నిజమైన సముద్రములో పరీక్షింపవచ్చును.

2019లో కేంద్ర ప్రభుత్వము సముద్ర శక్తిని పునరుత్పాదక శక్తిగా గుర్తించినది. ఇక మన తీరమున యంత్రమును దించుటకు ముందు కావలసినవి కొలతలు. ఉపాధ్యాయులు విద్యార్థులను ఒడ్డుకు కొనిపోయి, దూరముగా నిలిచి, అలలు ఎంత ఎత్తున వచ్చునో నెలనెల అంచనా వేయింపవచ్చును. విళింజంలోని 75కును, 25కును గల తేడా అపుడు వారికి కంటికి కనిపించును.