కథ, మాటలు, స్క్రీన్‌ప్లే: అన్నీ స్టాన్ లీవేనా?

మార్వెల్ సినిమాల్లో ఎక్కడో ఓ చోట తళుక్కుమని మాయమైపోయే కళ్ళజోడు తాతగారు గుర్తున్నారు కదా, ఆయనే స్టాన్ లీ. స్పైడర్‌మాన్, హల్క్, ఎక్స్‌మెన్ అన్నీ ఆయన బుర్రలోంచే ఊడిపడ్డాయని చాలామంది నమ్మకం. పాత సంగతులు కాస్త తిరగేస్తే వ్యవహారం అంత తేలిగ్గా లేదు.

1961లో ఫెంటాస్టిక్ ఫోర్ హిట్టయింది. దాంతో మార్వెల్‌లో పని పెరిగిపోయింది. ఎడిటరూ లీయే, ఎక్కువ పుస్తకాలకి రచయితా లీయే. ఒక్కో బొమ్మకీ వివరంగా స్క్రిప్టు రాస్తూ కూర్చుంటే అవతల ఆర్టిస్టులు ఖాళీగా కూర్చోవాలి. అందుకని కథ టూకీగా చెప్పేసేవాడు, ఒక్కోసారి నోటిమాటగానే. ఆర్టిస్టు దాన్ని ఇరవై పేజీల బొమ్మలుగా గీసుకొచ్చేవాడు. ఏ సీను ఎంతసేపు, ఫైటు ఎక్కడ, మలుపు ఎక్కడ, అన్నీ అతనే చూసుకోవాలి. ఆ బొమ్మలు చూసి లీ మాటలు రాసేవాడు. దీనికే మార్వెల్ మెథడ్ అని పేరు.

మా ఫీల్డు భాషలో చెప్పాలంటే, రెండు లైన్ల రిక్వైర్‌మెంటు చేతిలో పెట్టి డిజైనూ కోడూ నువ్వే చూసుకో అనడం లాంటిదన్నమాట!

1966లో వచ్చిన గలాక్టస్ కథే చూడండి. లీ చెప్పిన కథలో సిల్వర్ సర్ఫర్ అసలు లేడు. జాక్ కిర్బీ తెచ్చిన పేజీల్లో బోర్డు మీద ఎగురుతూ ఒకడు ప్రత్యక్షమయ్యాడు. ఎవరితను అనడిగితే, అంతటి గలాక్టస్‌కి ముందు నడిచే దూత ఉండొద్దా అన్నాట్ట కిర్బీ. ఈ ముచ్చట చెప్పింది స్వయానా లీయే. ఆ సర్ఫర్ చేత వేదాంతం మాట్లాడించింది మాత్రం లీ కలమే.

మన సినిమా టైటిల్స్ లెక్కన మాటలు లీవి, స్క్రీన్‌ప్లే కిర్బీది, కథ ఇద్దరిదీ. కానీ చాలాకాలం రచయితగా పేరు పడింది లీకే. ఆర్టిస్టుకి దక్కేది పేజీకింత అని బొమ్మల కూలీ. స్పైడర్‌మాన్ గీసిన స్టీవ్ డిట్కో పట్టుబట్టి 1965లో కథకి క్రెడిట్ వేయించుకున్నాడు, 1966లో వెళ్ళిపోయాడు. కిర్బీ 1970లో డీసీకి మారిపోయాడు.

పోనీ, పూర్తి స్క్రిప్టు రాస్తే గొడవుండదా? వాచ్‌మెన్ మొదటి సంచికకి అలన్ మూర్ స్క్రిప్టే వంద పేజీల పైచిలుకు. అయినా పేజీకి తొమ్మిది గళ్ళు అనే ఆ పుస్తకపు చట్రం ఆర్టిస్టు డేవ్ గిబ్బన్స్ ఆలోచన. అంటే ఎలా రాసినా బొమ్మ గీసేవాడు కథలో చెయ్యి పెట్టక తప్పదు. కాబట్టి తప్పు పద్ధతిది కాదు, లెక్కల్లో ఆ చెయ్యి కనబడకపోవడమే తప్పు.

కిర్బీ 1994లో పోయాడు. హక్కుల కోసం ఆయన పిల్లలు కోర్టుల్లో 2011లోనూ, 2013లోనూ ఓడిపోయారు. సుప్రీంకోర్టు కేసు తీసుకోవాలా వద్దా అని తేల్చే ముందు, 2014లో మార్వెల్ రాజీకొచ్చింది. ఆయన పోయిన ఇరవై ఏళ్ళకి!

లీని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆ మాటల చమత్కారం లేకపోతే ఆ పుస్తకాలు అంతగా అమ్ముడుపోయేవి కావనే నా అభిప్రాయం. కాకపోతే ఈసారి మార్వెల్ సినిమా చూసినప్పుడు టైటిల్స్ అయ్యేదాకా లేవకండి. కిర్బీ పేరు ఎక్కడుందో వెతకండి.