వరుస చివర కూడా చోటుంది

చరిత్ర పుస్తకాల్లో మన చింతపల్లి ఒక్క రోజుతోనే కనిపిస్తుంది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజుతో కలిసి మన్యం వీరులు ఇక్కడి పోలీసు స్టేషన్ మీద దాడి చేసి తుపాకులు పట్టుకెళ్లారు. మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి. పోయిన తుపాకులను సర్కారు లెక్క కట్టి రాసుకుంది. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత పోడు కొట్టుకోవడానికి పడ్డ పాట్లను, ఘాట్ రోడ్డు పనిలో అరకొర కూలికి రాళ్లు మోసిన రోజులను మన అవ్వలు, తాతలు కాగితం మీద పెట్టలేదు. వాళ్ల దగ్గర కాగితం లేదు. పాట ఉంది.

పాటలో దాచుకున్నది నిలవాలంటే పాడేవాళ్లు ఎక్కువమంది ఉండాలి. ఒక్కరికే వచ్చిన పాట ఆ ఒక్కరితోనే పోతుంది. మన పెద్దలకు ఈ సంగతి తెలుసు. థింసాను చూస్తే అది అర్థమవుతుంది.

మోరి ఊది, తుడుం, డప్పు, కిరిడి మోగిస్తే ఆడవాళ్లు ఒకరి నడుము వెనక ఒకరు చేయి వేసి వరుస కడతారు. ముందున్నామె ఒక మాట ఎత్తుతుంది. మిగిలినవాళ్లు అదే మాట అందుకుంటారు. కొత్తగా వచ్చిన కోడలికి పాట రాకపోయినా మొదటిసారి వింటుంది, రెండోసారి పెదవి కదుపుతుంది, మూడోసారి గొంతు కలుపుతుంది. అడుగు తప్పితే పక్కామె చేయే సరిదిద్దుతుంది. గొంతు బాగుందా లేదా అని వరుసలోకి రాకముందు ఎవరూ అడగరు. చిన్నపిల్లలు వరుస చివర చేరి నేర్చుకుంటారు.

ఆ వరుసలో మన బతుకంతా ఉంది. బోడ థింసా ఊరి దేవత కోసం ఆడేది. పొతర్ తోల థింసాలో ఆకులు ఏరే పని ఉంది. బాగ్ థింసాలో పులి బారి నుంచి తప్పించుకోవడం ఉంది. చైత్రమాసంలో, పెళ్లిళ్లలో ఒక ఊరివాళ్లు మరో ఊరికి వెళ్లి ఆడి, పాడి, కలిసి తినడాన్ని సంకిడి కెల్బార్ అంటారు. భగత, వాల్మీకి, కోందు, కోటియ తెగలు వేరైనా థింసా అందరిదీ. ఊరు దాటిన పాట మరో ఊరి గొంతుల్లోనూ బతుకుతుంది.

ఇప్పుడు వేదికలు వచ్చాయి. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి, పర్యాటకుల ముందు ఆటకు, పోటీలకు ఇంతమందే రావాలని లెక్క ఉంటుంది. అందుకని బాగా పాడేవాళ్లను ఏరుతున్నాం. మేము కూడా ఏరాం. ఒకసారి మా బడి పండుగకు పన్నెండుమంది ఆడపిల్లలను ఎంచి, గొంతు బొంగురుగా ఉందని ఒక పాపను కూర్చోబెట్టాం. తర్వాత తెలిసింది, వాళ్ల అవ్వ పాడే సామ కోత పాట ఆ పన్నెండుమందిలో ఎవరికీ రాదని. ఆ పాపకు మొత్తం వచ్చు. మేము ఆమెను అడగనే లేదు. ఆ రోజు చప్పట్లు బాగానే పడ్డాయి, మాకు మాత్రం తల ఎత్తుకోబుద్ధి కాలేదు.

బయటి లోకం ఇప్పుడు వేరే దారి పడుతోంది. ఇంగ్లండులో 2005లో మొదలైన రాక్ క్వయర్ అనే గానబృందంలో చేరడానికి గొంతు పరీక్ష లేదు, స్వరాలు చదవడం రానక్కరలేదు. జనం డబ్బు కట్టి మరీ చేరుతున్నారు. మన ఊరి నడిబొడ్డున ఊరికే దొరికేదాన్ని మనమే పోటీ పెట్టి పోగొట్టుకోవడం ఏం తెలివి?

2004లో కువి, కొండ, ఆదివాసీ ఒడియా సహా ఎనిమిది భాషల్లో మన పిల్లలకు చదువు మొదలైంది. పుస్తకంలోకి మన మాట వచ్చింది. పాట కూడా తరగతిలోకి రావాలి, తరగతి మొత్తానికీ రావాలి. తోటి ఉపాధ్యాయులకు మా మనవి ఇదే: వారానికి ఒక్క గంట పిల్లలందరినీ వరుస కట్టించండి. ఎవరినీ ఏరకండి. ఇంట్లో అవ్వ పాడే పాట ఒకటి తెమ్మని ప్రతి బిడ్డనూ అడగండి. యువతీ యువకులారా, పండుగకు ఊరొచ్చినప్పుడు ఫోనులో వీడియో తీసి ఊరుకోకండి. పాట రాకపోయినా వరుస చివర నిలబడండి. మూడోసారికి మీకూ వస్తుంది.