అయిదు శాతం బోనస్

మా ఆఫీసులో ఏటా ఓ ఆన్‌లైన్ ట్రైనింగ్ ఉంటుంది. అందులో ఓ ప్రశ్న: మీ సప్లయర్ దగ్గర బాలకార్మికులు కనిపిస్తే ఏం చేస్తారు? 'రిపోర్ట్ చేస్తాను' అని నొక్కగానే పచ్చ టిక్కు పడుతుంది. అది చూసినప్పుడల్లా నాకు మన సీడు పత్తి సంగతి గుర్తొస్తుంది.

హైబ్రిడ్ పత్తి విత్తనం చేతుల మీదే తయారవ్వాలి. ఆడ మొక్క మొగ్గ విప్పి, అందులోని కేసరాలు ఒలిచేయాలి. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దానికి రుద్దాలి. పొలాల్లో దీన్ని క్రాసింగ్ అంటారు. సీజనంతా, రోజూ, ఒక్కో పువ్వుకీ ఇదే పని. 1990ల్లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఈ పని చేసినవాళ్లలో ఎక్కువమంది 14 ఏళ్లు నిండని ఆడపిల్లలు. సీజను మొదలవకముందే అమ్మానాన్నల చేతిలో అడ్వాన్సు పడేది. ఇక బడి లేనట్టే. ఎందుకు పిల్లలే అంటే, చిన్న వేళ్లయితే పువ్వు నలగదని జవాబు. కూలి తక్కువన్న సంగతి ఆ జవాబులో ఉండదు!

2003లో దావులూరి వెంకటేశ్వర్లు రిపోర్టు బహుళజాతి విత్తన కంపెనీల పేర్లతో సహా వచ్చింది: మోన్‌శాంటో, బేయర్, సింజెంటా, యూనిలీవర్. ఆ పిల్లలు మా ఉద్యోగులు కారన్నది కంపెనీల వాదన. కాగితం మీద నిజమే. కంపెనీకి ఆర్గనైజరు, ఆర్గనైజరుకి రైతు, రైతుకి కూలీలు. కానీ మూల విత్తనం ఇచ్చేదీ, ధర కట్టేదీ, నాణ్యత చాలదని వెనక్కి పంపేదీ కంపెనీయే. నేను వాడిన ఎవరిదో లైబ్రరీలో బగ్ ఉంటే, అది నా కోడ్ కాదు అని క్లయింటుతో అనగలనా?

విదేశాల్లో పరువు పోయేసరికి కదలిక వచ్చింది. పొలాల తనిఖీలు, బడి మానేసిన పిల్లలకు సెంటర్లు. వీటిని తీసిపారేయను, చాలామంది పిల్లలు నిజంగానే పొలం వదిలారు. అయితే 2005లో వెంకటేశ్వర్లు, లూసియా డ కోర్టా రాసిన ఇంకో రిపోర్టు అసలు లెక్క ముందుపెట్టింది. కంపెనీ ఇచ్చే ధరకి పెద్దవాళ్లకి కూలి ఇచ్చి సాగు చేస్తే రైతుకి మిగిలేది లేదు. అంటే తనిఖీ చేయాల్సింది పొలాన్నే కాదు, ధరని కూడా.

బేయర్ లాంటి కంపెనీలు పిల్లల్ని పెట్టుకోని రైతుకి ధర మీద 5 శాతం బోనస్ పెట్టాయి. నన్ను ఆపేది ఈ మాటే. పెద్దవాళ్ల కూలి సాగు ఖర్చు. ఖర్చుని ధరలో కలపాలి గానీ, మంచి పిల్లాడికి చాక్లెట్ ఇచ్చినట్టు బోనసేంటి?

తర్వాత పెద్ద కమతాల నుంచి సీడు సాగు చిన్న రైతుల చేతికి జారింది, కొంత గుజరాత్‌కీ వెళ్లింది. చిన్న రైతు కూలి పిల్లని పెట్టుకోడు. తన కూతుర్నే తీసుకెళ్తాడు. 2016 సవరణ ప్రకారం బడి వేళలయ్యాక, సెలవుల్లో ఇంటి పనిలో పిల్లలు సాయం చేయొచ్చు. క్రాసింగ్ పొద్దున్నే చేయాలి, బడి కూడా పొద్దున్నే. తనిఖీకొచ్చినవాళ్లు అడిగితే, ఈ అమ్మాయి మా ఇంటి పిల్లే అంటాడు రైతు. అబద్ధం కాదు.