కుషింగ్ సిండ్రోమ్ (చిత్తూరు, తిరుపతి ప్రాంతం)

ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను నెలల తరబడి, ఏళ్ళ తరబడి అవసరానికి మించి ఉండడం వల్ల వచ్చే జబ్బు కుషింగ్ సిండ్రోమ్. కార్టిసాల్‌ను తయారుచేసేవి అధివృక్క గ్రంథులు. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చునే వీటినే డాక్టర్లు అడ్రినల్స్ అంటారు. ఎంత తయారుచేయాలో వాటికి చెప్పేది మెదడు అడుగున శనగగింజంత ఉండే పీయూష గ్రంథి. అది ఏసీటీహెచ్ అనే మరో హార్మోనును రక్తంలోకి వదిలి అడ్రినల్స్‌ను పనిలో పెడుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో కార్టిసాల్ తెల్లవారుజామున పెరిగి, పొద్దెక్కేకొద్దీ తగ్గుతూ, అర్ధరాత్రికి అడుగంటుతుంది. కుషింగ్ రోగిలో ఈ రాత్రి తగ్గుదలే ముందు పోతుంది.

ఈ జబ్బు రెండు దారుల్లో వస్తుంది. పీయూష గ్రంథిలోనో, అడ్రినల్‌లోనో, అరుదుగా ఊపిరితిత్తుల్లాంటి మరోచోటనో గడ్డ పుట్టి హార్మోను పెరగడం మొదటిది. ఇది ఏడాదికి పది లక్షల మందిలో ఇద్దరు ముగ్గురికి వస్తుంది, ఆడవాళ్ళలో ఎక్కువ. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఉన్నది దాదాపు 42 లక్షల మంది కాబట్టి, ఈ లెక్కన ఏడాదికి పదిమంది అటూ ఇటూ. కార్టిసాల్‌లా పనిచేసే స్టెరాయిడ్ మందు మాత్రగానో, సూదిగానో, పూతగానో బయటినుంచి ఒంట్లోకి చేరడం రెండోది. ప్రపంచమంతటా ఇదే ఎక్కువ. మొదటి దారి చరిత్ర పుస్తకాల్లో వివరంగా ఉంది. రెండోదాని చరిత్ర మందుల చీటీల్లో, ఖాళీ మాత్రల అట్టల్లో ఉంది కనుక దాన్ని రాసినవాళ్ళు తక్కువ.

గుర్తుపట్టడం

ముఖం చంద్రబింబంలా గుండ్రమవుతుంది. మెడ వెనక కొవ్వు పేరుకుని గూనిలా లేస్తుంది. పొట్ట పెరుగుతుంది, చేతులూ కాళ్ళూ సన్నబడతాయి. చూసినవాళ్ళు "ఒళ్ళొచ్చింది, బాగుండావు" అంటారు. ఈ మాట వల్లనే జబ్బు బయటపడడానికి ఏళ్ళు పడుతుందంటే అతిశయోక్తి కాదు. బీపీకి ఒకచోట, షుగరుకు ఒకచోట, నెలసరి తప్పినందుకు ఇంకొకచోట, ఎముక విరిగితే మరొకచోట చూపించుకుంటారు. అన్నీ ఒకే జబ్బు పనులని ఎవరికీ తట్టదు.

మామూలు లావుకూ దీనికీ తేడా తెలిపేవి కొన్నే. తొడల్లో బలం పోతుంది: గొంతుక్కూర్చుని ఆవు పాలు పితికే మనిషి చెయ్యి ఆన్చకుండా లేవలేదు, ఏటా అలిపిరి నుంచి నడిచి తిరుమల కొండెక్కే మనిషికి నాలుగు మెట్లెక్కితే తొడలు మొరాయిస్తాయి. చర్మం పలచబడి చిన్న దెబ్బకే కమిలిపోతుంది. పొట్టమీద సెంటీమీటరు కంటే వెడల్పయిన ఊదారంగు చారలు పడతాయి. పిల్లల్లోనైతే బరువు పెరుగుతూ ఎత్తు ఆగిపోతుంది. పాఠ్యపుస్తకాల వర్ణన తెల్లచర్మాన్ని చూసి రాసింది. అందులో చెప్పే ముఖం ఎర్రదనం మన చామనఛాయ మీద పెద్దగా కనపడదు, చారలు నల్లగా తోస్తాయి. అందుకే ఇక్కడి రోగిలో రంగుకంటే తొడల బలాన్ని పరీక్షించడం మేలు.

పేరు వెనక మనిషి

అడ్రినల్ గ్రంథులను 16వ శతాబ్దిలోనే ఇటలీ శరీరశాస్త్రవేత్త యూస్టేకీ వర్ణించాడు. అవి ఎందుకున్నాయో తెలియడానికి మరో మూడు వందల ఏళ్ళు పట్టింది. 1855లో లండన్ వైద్యుడు థామస్ అడిసన్, అవి చెడిపోతే మనిషి నల్లబడి, నీరసించి చనిపోతాడని చూపాడు. అప్పట్లో వాటిని చెడగొట్టేది ఎక్కువగా క్షయ. క్షయకు మందే లేని ఆ రోజుల్లో, 20వ శతాబ్ది రెండో దశకంలో, మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానిటోరియం వెలిసింది. హార్మోను తక్కువైతే వచ్చే అడిసన్ జబ్బుకు క్షయ కారణమైతే, హార్మోను ఎక్కువైన ఒంట్లో అణిగి ఉన్న క్షయ మళ్ళీ తలెత్తుతుంది. కార్టిసాల్ రోగనిరోధక శక్తిని అణచివేయడమే అందుకు కారణం.

హార్వీ కుషింగ్ (1869–1939) అమెరికా నాడీ శస్త్రవైద్యుడు. ముఖం ఉబ్బి, నెలసరి ఆగి, ఒళ్ళంతా చారలు పడిన ఒక యువతిని 1910లో చూసి, ఆమె సంగతిని 1912లో అచ్చయిన తన పీయూష గ్రంథి గ్రంథంలో రాశాడు. ఇరవై ఏళ్ళ తర్వాత, 1932లో, అలాంటి పన్నెండు మంది రోగులను ఒకచోట చేర్చి, మూలం పీయూష గ్రంథిలోని చిన్న గడ్డ అని ప్రకటించాడు. రష్యాలో నికొలాయ్ ఇట్సెంకో 1924లోనే ఇలాంటి రోగులను వర్ణించాడు కాబట్టి అక్కడ జబ్బు పేరులో ఇద్దరూ ఉంటారు. ఆ న్యాయం మన పుస్తకాల్లోనూ జరగాలి.

వేలూరు దారి

1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేవరకూ చిత్తూరే ఉత్తర ఆర్కాట్ జిల్లా కేంద్రం. ఆ తర్వాత కేంద్రం వేలూరుకు మారింది. పెద్ద జబ్బు చేస్తే వేలూరు పోవడమనే అలవాటు మాత్రం ఇప్పటికీ చిత్తూరు వాళ్ళకు ఉంది. 1900లో అయిడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాలే ఇప్పటి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆస్పత్రి. దేశంలో మొదటి నాడీ శస్త్రచికిత్స విభాగాన్ని 1949లో జేకబ్ చాందీ అక్కడే తెరిచారు. చాందీ మాంట్రియల్‌లో విల్డర్ పెన్‌ఫీల్డ్ దగ్గర నేర్చుకున్నారు. పెన్‌ఫీల్డ్ యువకుడిగా బోస్టన్‌లో కుషింగ్ దగ్గరే పనిచేశాడు. కుషింగ్ చేతి విద్య ఆ విధంగా రెండు తరాల్లో చిత్తూరుకు ముప్పై అయిదు కిలోమీటర్ల దూరానికి వచ్చి చేరింది.

తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాల 1960లో వచ్చింది, దానికి అనుబంధంగా రుయా ఆస్పత్రి నడుస్తోంది. హార్మోను జబ్బులకు ప్రత్యేక వైద్యం దగ్గరైంది తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే స్విమ్స్‌తో. ఎన్.టి. రామారావు 1986లో శంకుస్థాపన చేసిన ఈ సంస్థ 1993లో రోగులను చూడడం మొదలుపెట్టింది, 1995లో విశ్వవిద్యాలయమైంది. హార్మోన్ల విభాగం, నాడీ శస్త్రచికిత్స విభాగం ఒకే ఆవరణలో ఉండడం ఈ జబ్బుకు చాలా అవసరం, ఎందుకంటే గడ్డ ఎక్కడుందో చెప్పేది ఒకరు, తీసేది మరొకరు.

మందే జబ్బయిన కథ

1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో, కీళ్ళవాతంతో కదల్లేని ఒక స్త్రీకి ఫిలిప్ హెంచ్ కార్టిసాల్ జాతికే చెందిన కార్టిసోన్ సూది వేయించాడు. కొద్దిరోజుల్లోనే ఆమె లేచి నడిచింది. కార్టిసోన్‌ను వేరుచేసిన ఎడ్వర్డ్ కెండాల్‌కు, టాడియస్ రైక్‌స్టైన్‌కు, హెంచ్‌కు కలిపి 1950లో నోబెల్ బహుమతి వచ్చింది. కానీ ఆ మందు ఎక్కువగా వాడినవాళ్ళకు కుషింగ్ వర్ణించిన ముఖమే రాసాగింది. 1955 నాటికి ప్రెడ్నిసోలోన్, మరి కొన్నేళ్ళకు డెక్సామెథసోన్ వచ్చాయి. ముప్పావు మిల్లీగ్రాము డెక్సామెథసోన్ అయిదు మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్‌తో సమానం, అదే ఇరవై మిల్లీగ్రాముల కార్టిసాల్‌తో సమానం. ఆరోగ్యవంతుడి ఒళ్ళు రోజంతా కలిపి తయారుచేసుకునేది సుమారు పది మిల్లీగ్రాములే. అంటే ఆ చిన్న మాత్ర ఒక్కటే ఒంటికి రెండు రోజుల సరుకు.

ఈ మందులు ప్రాణాలు నిలుపుతాయి. ఉబ్బసానికి, కీళ్ళవాతానికి, మూత్రపిండాల జబ్బులకు వీటికి సాటి లేదు. చిక్కల్లా డాక్టరు చూపు లేకుండా వాడడంలో ఉంది. మోకాళ్ళ నొప్పికి ఊళ్ళో వేసే సూదిమందు, ఆయాసానికి ఇచ్చే పేరులేని పొడి, నాటుమందు పేరుతో అమ్మే మాత్రల్లో కలిపిన స్టెరాయిడ్, తెల్లబడడానికి రాసే క్రీము — ఇవన్నీ దేశమంతటా ఉన్నవే, రాయలసీమ పల్లెలు వీటికి మినహాయింపు కావు. సూది వేయించుకున్న రోజు నొప్పి మాయమవుతుంది, ఆకలి పెరుగుతుంది, మనిషి కళకళలాడతాడు. కూలికి పోకపోతే పూట గడవని మనిషి మళ్ళీ ఆ సూదికే వెళ్ళడాన్ని తప్పుపట్టలేం. స్టెరాయిడ్ పూతమందుల్లో పద్నాలుగింటిని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని కేంద్రం 2018లో కట్టడి చేసింది. కోవిడ్ రెండో ఉధృతిలో, 2021లో, షుగరున్న రోగులకు మితిమీరి ఇచ్చిన స్టెరాయిడ్లు బ్లాక్ ఫంగస్‌కు ఒక కారణమయ్యాయి. అప్పుడు రాష్ట్ర ప్రభుత్వం దాని చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చింది.

పరీక్షలు, చికిత్స

రాత్రి పదకొండు గంటలకు ఒక మిల్లీగ్రాము డెక్సామెథసోన్ మింగించి, పొద్దున ఎనిమిదికి రక్తంలో కార్టిసాల్ చూస్తారు. డెసిలీటరుకు 1.8 మైక్రోగ్రాములకు తగ్గితే గ్రంథులు మాట వింటున్నట్టు. తగ్గకపోతే ఇరవై నాలుగు గంటల మూత్రం, అర్ధరాత్రి లాలాజలం పరీక్షిస్తారు. ఈ అణచివేత పరీక్షకు 1960లో గ్రాంట్ లిడిల్ బాట వేశాడు. ఏసీటీహెచ్ కొలత 1960లలో రేడియోఇమ్యునోఎసే అనే పరీక్ష పద్ధతి వచ్చాక సాధ్యమైంది. గడ్డ పీయూష గ్రంథిలో ఉంటే ముక్కు గుండా వెళ్ళి సూక్ష్మదర్శిని సాయంతో తీస్తారు. ఈ పద్ధతిని మాంట్రియల్ వైద్యుడు జూల్స్ హార్డీ 1960లలో తీర్చిదిద్దాడు. అంతకుముందు రెండు అడ్రినల్స్‌నూ తీసేసి, రోగిని జీవితాంతం మాత్రల మీద ఉంచేవారు.

మందువల్ల వచ్చిన కుషింగ్‌లో ఒక వింత ఉంది. ముఖం చూస్తే హార్మోను పొంగిపొర్లుతున్నట్టుంటుంది, రక్తం చూస్తే కార్టిసాల్ దాదాపు ఉండదు. డెక్సామెథసోన్ లాంటి మందు బయటినుంచి వస్తుంటే అడ్రినల్స్ పని మానేసి నిద్రపోతాయి. ముఖానికీ రక్తానికీ పొంతన కుదరనప్పుడు డాక్టరు మొదట అడిగేది, ఏ సూది వేయించుకుంటున్నారనే. నిద్రపోయిన గ్రంథులు లేవడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది పైన పడుతుంది. "స్టెరాయిడ్లంట, మంచివి కావంట" అని ఎవరో చెప్పిన రోజునే మానేస్తే వాంతులు, బీపీ పడిపోవడం, స్పృహ తప్పడం మొదలై ప్రాణమే పోవచ్చు. అందుకే మోతాదును వారాల మీద, నెలల మీద తగ్గించుకుంటూ వస్తారు. మధ్యలో పెద్ద జ్వరమో, ఆపరేషనో వస్తే మళ్ళీ పెంచుతారు. వాడిన మందు పేరు రోగికి తెలియకపోతే ఖాళీ సీసానో, మాత్రల అట్టనో వెంట తెచ్చుకుంటే డాక్టరుకు సగం దారి తెలిసినట్టే.