చోక్వేల ‘ప్వో’ కొయ్యముఖం: ప్రతీకార్థ విచారణ

మధ్య ఆఫ్రికా కొయ్యముఖాలను తెలుగులో ‘ముసుగులు’ అనడం కద్దు. ముసుగు పని మరుగుపరచడం. అంగోలా, కాంగో, జాంబియాలలో నివసించే చోక్వేల దృష్టిలో కొయ్యముఖం పని, కనబడనివారిని రప్పించడం. దానిని ధరించి ఆడేవానిని వారు ‘ముకిషి’గా, అంటే పూర్వుల ఆత్మగా చూస్తారు. ఈ భేదాన్ని గమనించని వ్యాఖ్య రూపవర్ణన దగ్గరే ఆగిపోతుంది. ‘ప్వో’ ముఖాన్ని పరిశీలిస్తే ఇది స్పష్టమవుతుంది.

ప్వో అంటే స్త్రీ. యువతి అనే అర్థంలో ‘మ్వానా ప్వో’ అన్న పేరూ ఉంది. చోక్వేలది మాతృవంశ వ్యవస్థ. ఈ ముఖం వంశానికి మూలమైన పూర్వస్త్రీని స్మరింపజేస్తుంది. అరమోడ్పు కళ్ళు మృతుల ప్రశాంతతకు గుర్తులు. కళ్ళ కింది గాట్లను ‘మసోజి’, కన్నీళ్ళు, అంటారు. ‘ముకాండా’ అనే సున్తీ దీక్షకై కొడుకును అడవికి పంపిన తల్లి దుఃఖాన్ని వాటిలో చూసిన వ్యాఖ్యాతలు ఉన్నారు.

నుదుటి శిలువ వంటి గుర్తు, ‘చింగెల్యెంగెల్యె’, ఎక్కువ చర్చకు గురైంది. పోర్చుగీసువారు పంచిన లోహపతకాల నుండి అది వచ్చిందని బెల్జియన్ పండితురాలు మరీ-లూయీజ్ బాస్తాఁ భావించారు. మూలం అదే అయినా, దానినిబట్టి ప్వో ముఖానికి క్రైస్తవార్థం ఆపాదించడం పొరపాటు. అన్యదేశ్యం మన వాక్యంలో చేరాక మన అర్థాన్నే ఇస్తుంది గదా! ఆ గుర్తు చోక్వే స్త్రీల నుదుట పచ్చబొట్టై, అలంకారమై, వారిదే అయిపోయింది.

అసలు ప్రతీక చెక్కడంలో కంటే ఇచ్చిపుచ్చుకోవడంలో ఉంది. శిల్పి తన ఎరుకలోని ఒక సుందరి ముఖరేఖలను, కేశాలంకారాన్ని గమనించి చెక్కుతాడు. ముఖాన్ని అందుకొన్న నర్తకుడు శిల్పికి లోహపు కడియం ఇస్తాడు. అది ఓలి. అంటే ఆ ముఖం అతనికి భార్యాస్థానీయ. అతడు మరణిస్తే దానిని అతనితోపాటు పాతిపెట్టిన సందర్భాలు ఉన్నాయి. పురుషుడే నారతో అల్లిన వస్త్రం, కృత్రిమ స్తనాలు ధరించి, స్త్రీ నడకను, హుందాతనాన్ని అభినయిస్తాడు. దానిని పరిహాసమనలేము, తల్లులకు అది వందనం.

ప్రదర్శనశాలలకు చేరినవి చాలావరకు ముఖాలే. వస్త్రం, కడియం, నడక చేరలేదు. అంగోలా అంతర్యుద్ధ కాలంలో (1975–2002) డుండో ప్రదర్శనశాల నుండి తరలిపోయిన కళాఖండాలలో ప్వో ముఖాలూ ఉన్నాయి. కొన్ని 2016లో స్వదేశం చేరాయి. వాటి పునరాగమనం న్యాయమే. అయినా గాజుపెట్టెలో ఉన్న ప్వో, ఓలి పుచ్చుకొని ఒకరి ఇంటికి వెళ్ళిన ప్వో ఒకరు కారు. జాంబియాలో ముకాండా ముగింపున మకిషీల నర్తనం నేటికీ సాగుతోంది. యునెస్కో 2005లో దానిని మానవజాతి వారసత్వంగా ప్రకటించింది. అక్కడ ప్వో ఇంకా ఊరి స్త్రీల ఎదుటనే అడుగు వేస్తోంది.