చూడ్డానికి ఎవరొచ్చారు? ఫోర్ట్ షా ఆడపిల్లల నుంచి జూడ్ షిమ్మెల్ దాకా

ఈ వారం పోస్టు కొంచెం పొడుగే. తీరిక చేసుకొని చదవండి.

మేము ఈసారి రాస్తున్నది ఒక కాలేజీ బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి గురించి. పేరు జూడ్ షిమ్మెల్. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం, ఉమటిల్లా రిజర్వేషన్ బిడ్డ. అక్కడ రిజర్వేషన్ అంటే కాలేజీ సీటో, ఉద్యోగం కోటానో కాదు. తెగల భూమంతా తీసుకున్నాక వాళ్లకని వదిలిపెట్టిన నేల. ఉమటిల్లా, కయూస్, వాలా వాలా అనే మూడు తెగలకు 1855 ఒప్పందంతో మిగిలిన నేల అది. ఆ నేల మీద నుంచి మూడు వేల కిలోమీటర్ల పైచిలుకు దూరం పోయి, కెంటకీ రాష్ట్రంలోని లూయివిల్ యూనివర్సిటీలో నాలుగేళ్లు ఆడి, 2015లో ఆటా చదువూ రెండూ ముగించుకొని బయటికొచ్చింది జూడ్. అక్క షోనీ పేరు అందరికీ తెలుసు. మేము మాత్రం చెల్లెలి పక్షం. ఎందుకో చెప్పాలంటే నూరేళ్లకు పైగా వెనక్కి పోవాలి.

బాస్కెట్‌బాల్ పుట్టింది 1891 డిసెంబర్‌లో. మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, వైఎంసీఏ వాళ్ల శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ అనే మాస్టారు చలికాలంలో పిల్లల్ని లోపల ఆడించడానికి బాల్కనీకి పీచ్ పండ్ల బుట్టలు కొట్టి మొదలుపెట్టాడు. అదే స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చదివిన హెచ్.సి. బక్ మన దేశానికొచ్చి 1920లో మద్రాసులో వ్యాయామ విద్య కాలేజీ పెట్టాడు. అప్పట్లో మన ప్రాంతం మద్రాసు రాజధానిలోనిదే కదా. స్కూల్లో విజిల్ ఊదే పీఈటీ సారుకూ ఆ బుట్టలకూ చుట్టరికం ఉందన్నమాట.

సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికా ప్రభుత్వం ఆదివాసీ పిల్లల కోసం బోర్డింగ్ స్కూళ్లు నడుపుతోంది. మొదటి పేరున్నది కార్లైల్, 1879లో మొదలైంది. పెట్టింది ప్రాట్ అనే సైనికాధికారి. పిల్లవాడిలోని ఇండియన్‌ను చంపి మనిషిని మిగల్చాలన్నది ఆయన సిద్ధాంతం. జుట్టు కత్తిరించారు, పేర్లు మార్చారు, ఇంటి భాష మాట్లాడితే దండించారు. ఆ వరుసలో 1892లో మోంటానా రాష్ట్రంలో ఒక పాత సైనిక స్థావరంలో ఇంకో స్కూలు తెరిచారు. అదే ఫోర్ట్ షా.

మనకిది దూరపు కథగా అనిపించకూడదు. మన దగ్గర 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం వచ్చింది. 1911 చట్టంతో మద్రాసు రాజధానికి కూడా అంటుకుంది. ఎరుకల కుటుంబాలను స్టువార్టుపురం సెటిల్‌మెంట్‌లో పెట్టి, సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చి, హాజరు పిలిచి లెక్కపెట్టారు. ఆ చట్టం రద్దయ్యింది 1952లో. అంటే మన అవ్వాతాతల్లో కొందరు పుట్టుకతోనే నేరస్తుల పట్టీలోకెక్కినవాళ్లు. పిల్లల్ని "బాగు చెయ్యడం" అనే మాట అక్కడా ఇక్కడా ఒకే కాలంలో నడిచింది.

ఫోర్ట్ షాకు మళ్లీ వద్దాం. ఆ స్కూలుకు బాస్కెట్‌బాల్‌ను తెచ్చింది జోసెఫీన్ లాంగ్లీ అనే పీగన్ తెగ యువతి. సూపరింటెండెంట్ ఫ్రెడ్ క్యాంప్‌బెల్ కోచ్ అయ్యాడు. ఆడపిల్లల జట్టు తయారైంది. పీగన్ తెగ బెల్ జాన్సన్, షోషోని తెగ మిన్నీ బర్టన్, అసినిబోయిన్ తెగ నెట్టీ వర్త్, ఎమ్మా సాన్సేవర్, ఇంకా కొందరు. వేర్వేరు తెగలు, వేర్వేరు ఇంటి భాషలు. ఒకప్పుడు ఒకరికొకరు పడని తెగల పిల్లలు కూడా అందులో ఉన్నారు. వాళ్లను కలిపిన భాష ఇంగ్లీషు అని స్కూలు రికార్డు చెప్పొచ్చు. మాకైతే బంతే అనిపిస్తుంది.

1903 వచ్చేసరికి ఈ పిల్లలు మోంటానాలో హైస్కూలు జట్లనే కాదు, కాలేజీ జట్లను కూడా ఓడించారు. పట్టణాల్లో టికెట్ కొని చూడ్డానికొచ్చేవాళ్లు జనం. మిన్నీ చేతికి బంతి దొరికితే చాలు, వెయ్యి మిన్నీ వెయ్యి అని గ్యాలరీ అంతా అరుపులు. ఇక్కడొక సంగతి గమనించాలి. అరిచేవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు. ఈ పిల్లల తల్లిదండ్రులు ఎక్కడో రిజర్వేషన్లలో ఉన్నారు. కూతురు ఆడుతున్నదని వాళ్లకు తెలిసేదే తక్కువ, చూసేది ఇంకా తక్కువ.

1904లో సెయింట్ లూయిస్‌లో ప్రపంచ ప్రదర్శన జరిగింది. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే పెద్ద ఎగ్జిబిషన్. యంత్రాలు, కరెంటు దీపాలు, వాటితో పాటు మనుషులు. ఫిలిప్పీన్స్ నుంచి వెయ్యి మందికి పైగా జనాన్ని తెచ్చి గుడిసెలు వేయించి కూర్చోబెట్టారు. ఆఫ్రికా నుంచి ఓటా బెంగాను తెచ్చారు. ఆ ఆగస్టులో రెండు రోజులు "ఆంత్రొపాలజీ డేస్" అని పెట్టి, ఎన్నడూ చూడని ఆటల్లో గిరిజనులను పోటీకి దింపి, వాళ్లు సరిగ్గా చెయ్యలేదని కొలతలు రాసుకున్నారు. అక్కడే "మోడల్ ఇండియన్ స్కూల్" అని ఒక భవనం. ఫోర్ట్ షా అమ్మాయిలు ఆ ఎండాకాలమంతా ఉన్నది అందులోనే. సందర్శకుల ముందు పద్యాలు చదవాలి, మాండలిన్ వాయించాలి, బాస్కెట్‌బాల్ ఆడి చూపించాలి. చదువుకున్న ఆదివాసీ ఎట్లా ఉంటాడో చూడండి అని చూపించే బొమ్మలు వాళ్లు.

ఆ బొమ్మలే సెయింట్ లూయిస్ పూర్వ విద్యార్థినుల ఎంపిక జట్టుతో మూడు మ్యాచ్‌ల పోటీకి దిగారు. మొదటిది 24–2. రెండోది 17–6. మూడోది అవసరమే పడలేదు. వెండి కప్పు తీసుకొని ప్రపంచ విజేతలు అనిపించుకొని మోంటానాకు తిరిగిపోయారు. (ఒలింపిక్స్ కూడా ఆ ఏడు అదే ఊళ్లో జరిగాయి కాబట్టి కొందరు దీన్ని ఒలింపిక్ పతకం అని రాస్తుంటారు. కాదు. ఆడవాళ్ల బాస్కెట్‌బాల్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది 1976లో. వాళ్ల గెలుపు గొప్పదే, దానికి లేనిపోని బిరుదులెందుకు.)

1910లో ఫోర్ట్ షా స్కూలు మూతపడింది.

దీన్ని చదివినప్పుడు మాకు అహోబిలం పారువేట గుర్తుకొచ్చింది. ఆళ్లగడ్డ వాళ్లకు చెప్పక్కర్లేదు. సంక్రాంతి పండగప్పుడు మొదలై నలభై రోజులకు పైగా నరసింహస్వామి పల్లకి ఊరూరూ తిరుగుతుంది. చెంచులక్ష్మితో తన పెళ్లికి స్వామి స్వయంగా పిలవడానికి వస్తాడని నమ్మకం. చెంచులు స్వామికి అత్తగారి తరఫువాళ్లు. వాళ్లు పల్లకి మీదికి బాణం వేసే ఘట్టం చూడ్డానికి జనం విరగబడి వస్తారు. ఇది సెయింట్ లూయిస్ లాంటిది కాదు. ఇక్కడ చెంచుకు గౌరవం ఉంది, బంధుత్వం ఉంది. కానీ పండగ అయిపోయిన మర్నాడు ఆ బాణం వేసిన చెయ్యి ఎవరిది, ఆ పిల్లోడు ఏ క్లాసు, విలువిద్య శిక్షణకు పంపితే ఎట్లుంటాడు అని అడిగేవాళ్లు ఎంతమంది? విల్లు పట్టుకున్నప్పుడు చూసే కళ్లు, పుస్తకం పట్టుకున్నప్పుడు పక్కకు తిరుగుతాయి. మా బాధ అంతే.

ఇక షిమ్మెల్ అక్కాచెల్లెళ్లు. ఎనిమిది మంది పిల్లల ఇల్లు. తల్లి సెసీ మోజెస్ కోచ్. పోర్ట్‌లాండ్‌లో ఫ్రాంక్లిన్ హైస్కూల్లో కోచ్ పని దొరికితే కుటుంబమంతా రిజర్వేషన్ వదిలి పట్నానికి మారింది. షోనీ 2010లో, జూడ్ 2011లో లూయివిల్‌లో చేరారు. షోనీ జెర్సీ 23, జూడ్‌ది 22. వాళ్ల ఆటను అక్కడ "రెజ్ బాల్" అంటారు. రిజర్వేషన్ మైదానాల ఆట: ఆగకుండా పరుగు, చూడకుండా పాస్, దూరం నుంచి దూసుకొచ్చే షాట్. పెద్ద పెద్ద కాలేజీల కోచ్‌లు క్రమశిక్షణ లేని ఆట అని తీసిపారేసేది అదే.

2013 మార్చి 31. ఓక్లహోమా సిటీ. ఎదురుగా బేలర్, అంతకు ముందేడు 40 మ్యాచ్‌లకు 40 గెలిచిన జట్టు. నడుమ బ్రిట్నీ గ్రైనర్, 6 అడుగుల 8 అంగుళాల మనిషి. లూయివిల్‌కు ఇచ్చింది ఐదో ర్యాంకు. గెలుస్తారని చెప్పినవాళ్లు లేరు. షోనీ గ్రైనర్ మీదికే పరుగెత్తి, బోర్డు కిందుగా పోయి, వెనక్కి తిరిగి బుట్టలో వేసిన ఆ షాట్ వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ రోజు లూయివిల్ 25 మూడు పాయింట్ల షాట్లు వేసి 16 దింపింది. షోనీ 22 పాయింట్లు. చివరికి 82–81. తర్వాత టెన్నెసీ, ఆ తర్వాత కాలిఫోర్నియా. ఐదో ర్యాంకు జట్టు ఆడవాళ్ల ఫైనల్ దాకా పోవడం అదే మొదటిసారి. ఫైనల్లో కనెక్టికట్ చేతిలో 93–60తో చిత్తయ్యారు. అది కూడా చెప్పాలి, చరిత్ర కదా.

మేము ఆ వీడియోలో ఎక్కువసార్లు వెనక్కి తిప్పి చూసింది షాట్‌ను కాదు, గ్యాలరీని. ఓక్లహోమా ఎలాంటి చోటు? 1830లలో తూర్పు నుంచి తెగలను సైన్యం చేత నడిపించి, దారిలో వేలమంది చచ్చిపోగా, మిగిలినవాళ్లను దింపిన నేల. ఈ రోజుకీ ముప్పైకి పైగా తెగల ప్రభుత్వాలున్న రాష్ట్రం. ఆ జనం వచ్చారు. వాళ్లది లూయివిల్ కాదు, వాళ్లది ఉమటిల్లా తెగ కూడా కాదు. ఇద్దరు ఆదివాసీ అమ్మాయిలు ఆడుతున్నారంతే. అవ్వలు, తాతలు, చంకలో పిల్లలు. ఆ రెండేళ్లు వాళ్లు ఏ ఊళ్లో ఆడినా గంటలకొద్దీ బండ్లు నడుపుకొని వచ్చేవాళ్లట. 1904లో ఫోర్ట్ షా పిల్లల్ని చూడ్డానికి లోకం వచ్చింది, వాళ్ల మనుషులు రాలేదు. 2013లో వాళ్ల మనుషులే వచ్చారు. ఈ రెంటి మధ్య 109 ఏళ్లు.

2014లో షోనీ కాలేజీ ముగించింది. అట్లాంటా డ్రీమ్ జట్టు ఎనిమిదో ఎంపికగా తీసుకుంది. మొదటి ఏడే ఆల్‌స్టార్ మ్యాచ్‌లో 29 పాయింట్లు, ఉత్తమ క్రీడాకారిణి.

మరి జూడ్ పక్షం ఎందుకు అన్నాం కదా. జూడ్ ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. ఆమె పని బంతి దొంగిలించడం, ముందున్నవాళ్లకు అందించడం. ఆ పని హైలైట్ వీడియోల్లో కనపడదు. కానీ 2013 ఫైనల్ ఫోర్‌లో ఆమెకు ఇంకో బహుమతి వచ్చింది. అప్పట్లో దాన్ని ఎలీట్ 89 అనేవాళ్లు. ఫైనల్ దశకు చేరిన జట్లన్నిటిలో అత్యధిక మార్కులున్న క్రీడాకారిణికి ఇచ్చేది. నాలుగు పెద్ద యూనివర్సిటీల పిల్లలందరిలో చదువులో మొదటిది ఉమటిల్లా రిజర్వేషన్ అమ్మాయి! ఏ బోర్డింగ్ స్కూళ్లు "మీ వాళ్లకు చదువు రాదు, మేము మార్చాలి" అన్నాయో, వాటికి జవాబు ఇది. ఆమె భాషనూ తెగనూ ఇంట్లో వదిలిపెట్టి రాలేదు. వెంట తెచ్చుకొనే గెలిచింది. అక్క వెళ్లిపోయాక ఇంకో ఏడు ఉండి, ఆడి, డిగ్రీ పట్టా అందుకొని వెళ్లింది.

ఆటలో మెరిసి మధ్యలో ఆగినవాళ్లు మన దగ్గర బోలెడు. ఇంటర్ సెకండియర్‌లో జిల్లా స్థాయి ఆడిన అమ్మాయి, ఆ చలికాలం ఇంట్లోవాళ్లు సుగ్గికి గుంటూరు మిరప కోతలకు పోతే వెంట పోతుంది. తిరిగొచ్చేసరికి పరీక్ష ఫీజు గడువు దాటి ఉంటుంది. ఆ తర్వాత పెళ్లి చూపులు. ఆట పోయిందని అందరూ అయ్యో అంటారు, డిగ్రీ పోయిందని అనేవాళ్లు తక్కువ. మాకు జూడ్ నచ్చింది అందుకే. ముగించింది.

మనవాళ్లలో ముగించినవాళ్లు లేరని కాదు. 2014 మే 25న మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. 13 ఏళ్ల 11 నెలల వయసు. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన లంబాడీ బిడ్డ, గురుకులం విద్యార్థిని. మన సుగాలి తండాల్లో మాట్లాడే గోర్ బోలీయే వాళ్ల ఇంటి భాష. ఆ రోజుకు రాష్ట్రం ఇంకా విడిపోలేదు, ఎనిమిది రోజుల తర్వాత విడిపోయింది. కాబట్టి ఆమె ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బిడ్డగానే ఎక్కిందని మేము వాదిస్తాం, తెలంగాణ తమ్ముళ్లు కోప్పడొద్దు. ఆ తర్వాత ఒక్కో ఖండంలో ఎత్తైన శిఖరం ఎక్కుతూ పోయి 2022 జూన్‌లో డెనాలీతో ఏడూ పూర్తి చేసింది. ఆమె కూడా మధ్యలో ఆపలేదు.

ఇప్పుడు మన పని. ఈ ఏడు డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉండి కాలేజీ తరఫున ఏ ఆటైనా ఆడుతున్న మన తండాల, గూడేల పిల్లల పట్టీ ఒకటి తయారు చేస్తున్నాం. చెంచు, సుగాలి, ఎరుకల, యానాది ఎవరైనా సరే. నంద్యాల, ఆళ్లగడ్డ, ఆత్మకూరు, రుద్రవరం వైపు వాళ్లు ముందు పంపండి. ఆట, కాలేజీ, మిగిలిన సబ్జెక్టులు ఎన్ని, పరీక్ష ఫీజు కట్టారా లేదా. ఫోన్ నంబర్లు గ్రూపులో పెట్టొద్దు, అడ్మిన్‌లకు విడిగా పంపండి. దాంతో పాటు ఇంకో గడి కూడా పెట్టాం: ఇంట్లోవాళ్లు ఎప్పుడైనా వచ్చి మ్యాచ్ చూశారా? "లేదు" అని వచ్చిన ప్రతి పేరుకూ, వచ్చే మ్యాచ్‌కు అమ్మానాన్నల బస్సు ఛార్జీ మేము చందా వేసుకొని చూసుకుంటాం.