మీ ల్యాప్‌టాప్‌లో బ్లూటూత్ వెర్షన్ ఎంత? రెండు నిమిషాల్లో ఇలా చెక్ చేసుకోండి

జగిత్యాల జిల్లా కొండగట్టు పక్కనే ఉన్న నాచుపల్లి జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థులైనా, ఇంట్లో పాత కంప్యూటర్ వాడేవాళ్లైనా కొత్త ఇయర్‌బడ్స్ కొనే ముందు ఒక్క విషయం చూసుకోవాలి. మీ సిస్టమ్‌లో ఉన్న బ్లూటూత్ ఏ వెర్షన్? అది తెలియకపోతే డబ్బులు వృథా అయ్యే ఛాన్స్ ఉంది.

విండోస్‌లో ఎలా చూడాలి?

* కీబోర్డ్‌పై విండోస్ బటన్, ఎక్స్ కలిపి నొక్కి ‘డివైస్ మేనేజర్’ ఓపెన్ చేయండి.
* ‘బ్లూటూత్’పై క్లిక్ చేస్తే ఓ లిస్ట్ వస్తుంది. అందులో ఇంటెల్, రియల్‌టెక్, క్వాల్‌కామ్, మీడియాటెక్ లాంటి కంపెనీ పేరున్న అడాప్టర్‌పై రైట్ క్లిక్ చేసి ‘ప్రాపర్టీస్’లోకి వెళ్లండి.
* ‘అడ్వాన్స్‌డ్’ ట్యాబ్‌లో ఎల్‌ఎంపీ అని ఓ నంబర్ ఉంటుంది. చుక్కకు ముందున్న అంకెను మాత్రమే తీసుకోండి.

ఏ నంబర్‌కు ఏ వెర్షన్?

6 అంటే 4.0
7 అంటే 4.1
8 అంటే 4.2
9 అంటే 5.0
10 అంటే 5.1
11 అంటే 5.2
12 అంటే 5.3
13 అంటే 5.4

ఉదాహరణకు ‘ఎల్‌ఎంపీ 9.256’ అని ఉంటే మీది బ్లూటూత్ 5.0 అన్నమాట. 9 కనిపించింది కదా అని వెర్షన్ 9 అనుకోవద్దు. లైనక్స్ వాడేవాళ్లు టెర్మినల్‌లో ‘హెచ్‌సీఐకాన్ఫిగ్ -ఏ’ కమాండ్ ఇస్తే వెర్షన్ కనిపిస్తుంది.

పాత వెర్షన్ ఉంటే ల్యాప్‌టాప్ మార్చాలా?

అక్కర్లేదు. 5.3 ఇయర్‌బడ్స్ సాధారణంగా 4.2 ల్యాప్‌టాప్‌కూ కనెక్ట్ అవుతాయి. పాటలు వినొచ్చు, ఆన్‌లైన్ క్లాసులు చూడొచ్చు. కొత్త ఫీచర్లు మాత్రం రెండు వైపులా సపోర్ట్ ఉంటేనే పనిచేస్తాయి. 2020లో 5.2తో వచ్చిన ఎల్‌ఈ ఆడియో ఇలాంటిదే. కొన్ని కొత్త వినికిడి యంత్రాలు దీన్నే వాడుతున్నాయి. పెద్దవాళ్ల కోసం అలాంటివి కొంటుంటే వెర్షన్ ఒక్కటే చూస్తే సరిపోదు. సిస్టమ్‌లో ఎల్‌ఈ ఆడియో సపోర్ట్ ఉందో లేదో కూడా కనుక్కోండి.

కొత్త వెర్షన్ కావాల్సిందే అంటే యూఎస్‌బీ డాంగిల్ పెట్టుకోవచ్చు. విండోస్ ఒకసారి ఒక్క బ్లూటూత్ అడాప్టర్‌నే నడుపుతుంది. కాబట్టి డాంగిల్ పెట్టే ముందు పాతదాన్ని డివైస్ మేనేజర్‌లో ‘డిసేబుల్’ చేయడం మర్చిపోవద్దు.

అసలు ‘బ్లూటూత్’ హెడ్డింగే కనిపించకపోతే? డ్రైవర్ లేకపోయి ఉండొచ్చు, లేదా మీ సిస్టమ్‌లో బ్లూటూత్ లేకపోవచ్చు. ముందు ల్యాప్‌టాప్ కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్‌కు డ్రైవర్ ఉందేమో చూడండి. ఆ తర్వాతే షాపుకు వెళ్లండి.